నిజామాబాదు నుంచి జిద్దా ఎంత దూరం?

మన సంక్షేమ సంఘం పెద్దలు ఈ యేటి వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాయమని మమ్ములను అడిగినప్పుడు, నిజాంసాగరు గురించి వ్రాయాలా, బోధన్ చక్కెర ఫ్యాక్టరీ గురించి వ్రాయాలా అని కొన్నాళ్లు ఎటూ తేల్చుకోలేకపోయినాము. ఇంతలో మా బడిలో ఏడవ తరగతి పిల్లవాడొకడు దారి చూపినాడు. వాళ్ల నానీ ఆ యేడు హజ్‌కు పోతున్నది. "సార్, జిద్దా ఎంత దూరం?" అని అడిగినాడు. మేము అలవాటు చొప్పున "ఆరు గంటలు" అన్నాము. వాడు ఊరుకోలేదు. "నేను టైము అడగలేదు సార్, దూరం అడిగినాను" అన్నాడు. తరగతి అంతా నవ్వింది, మేమూ నవ్వినాము. కాని ఇంటికి పోయినాక ఆ ప్రశ్న మమ్ములను వదలలేదు. దూరం వేరు, కాలం వేరు. మన జిల్లా ముస్లిముల వంద, నూటయాభై యేండ్ల చరిత్రలో కొంతభాగం ఈ రెండింటి మధ్యనే వున్నది. కనుక దాని గురించే వ్రాయ సాహసించినాము.

మేము ఉర్దూ మాధ్యమం పంతుళ్లము. తెలుగులో వ్రాయడం తక్కువ. మాటల్లో పొరపాట్లుంటే పాఠక మహాశయులు మన్నించవలెను.

గ్లోబూ, దారమూ

మరునాడు బడిలో గ్లోబు తెచ్చి బల్లమీద పెట్టినాము. దాని వ్యాసం 30 సెంటీమీటర్లు, అంటే చుట్టుకొలత సుమారు 94 సెంటీమీటర్లు. ఆ పిల్లవాడినే పిలిచి ఒక దారం యిచ్చి, ఒక కొన నిజామాబాదు మీద, రెండో కొన మక్కా మీద పెట్టి బిగించి లాగమన్నాము. కొలిస్తే తొమ్మిదిన్నర సెంటీమీటర్లకు కొంచెం తక్కువ వచ్చింది. భూమి చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. దారం గ్లోబు చుట్టుకొలతలో పదో వంతు. కనుక నిజామాబాదు నుంచి మక్కాకు ఆకాశమార్గాన తిన్నగా సుమారు 4,000 కిలోమీటర్లు. అక్షాంశ రేఖాంశాలతో లెక్క కట్టినా యిదే వస్తుంది. అల్లా కుదురత్ చూడండి, భూమండలం చుట్టుకొలతలో సరిగ్గా పదో వంతు దూరాన మనలను పుట్టించినాడు.

విమానాశ్రయం నుంచి విమానాశ్రయానికి లెక్కిస్తే, శంషాబాదు నుంచి జిద్దాకు సుమారు 4,130 కిలోమీటర్లు, బొంబాయి నుంచి జిద్దాకు సుమారు 3,500 కిలోమీటర్లు. గోడమీది పటం మీద స్కేలు పెట్టి కొలిస్తే ఈ లెక్క సరిగా రాదు. భూమి గుండ్రని వస్తువు, పటము చదునైనది. నారింజ తొక్కను బల్లమీద పరచినట్లే, ఎక్కడో ఒకచోట చిరుగుతుంది, ఎక్కడో సాగుతుంది.

దీనిలో ఇంకొక విశేషము కలదు. పటం మీద నిజామాబాదు నుంచి మక్కాకు గీత గీస్తే అది దాదాపు తిన్నగా పడమరకే పోతుంది. ఉత్తరం వైపు నాలుగు డిగ్రీలు మాత్రమే ఒరుగుతుంది. గ్లోబు మీద దారం లాగితే పడమర నుంచి ఉత్తరానికి సుమారు 11 డిగ్రీలు ఒరిగి బయలుదేరుతుంది. అదే మన కిబ్లా. దిక్సూచిలో 281 డిగ్రీలు. అంటే విమానం నడిపేవాడు వెతికే దగ్గరి దారి, మసీదు కట్టేవాడు వెతికే మిహ్రాబు దిశ, రెండూ ఒకే లెక్క. ఈ లెక్కను విమానాలు పుట్టకముందే మన పండితులు చేసియున్నారు. అల్ బిరూనీ గజనీ పట్టణం కిబ్లాను నిర్ణయించడం కోసం ఊళ్ల మధ్య దూరాలను, అక్షాంశ రేఖాంశాలను లెక్కగట్టి ఒక గొప్ప గ్రంథమే వ్రాసి 1025లో పూర్తి చేసినాడు. నేడు విమానాలకు దారి చూపే గోళ గణితానికి ఆ లెక్క దగ్గరి చుట్టమే.

గాలిని నమ్ముకున్న రోజులు

ఇక చరిత్రకు వస్తాము. మొగలుల కాలంలో దక్కను నుంచి హజ్‌కు పోవలెనంటే మొదట సూరత్ చేరవలెను. సూరత్ రేవును బాబుల్ మక్కా, అంటే మక్కా ద్వారము, అని పిలిచేవారు. మన ప్రాంతం నుంచి ఎడ్లబండ్ల మీద, గుర్రాల మీద, లేకుంటే కాలినడకన సూరత్ చేరడానికే వారాలు పట్టేది. అక్కడ తెరచాప ఓడ. ఓడ మన ఇష్టం మీద కాక, గాలి ఇష్టం మీద నడిచేది. చలికాలంలో ఈశాన్యం నుంచి వీచే గాలి ఓడను అరేబియా వైపు తీసుకొనిపోతుంది, వానాకాలంలో నైరుతి గాలి తిరిగి తీసుకొని వస్తుంది. ఈ కాలం గాలికి అరబ్బులు "మౌసిమ్" అన్నారు. మనం ఉర్దూలో "మౌసమ్" అంటాము. ఇంగ్లీషువారి "మాన్‌సూన్" ఆ మాట నుంచే పుట్టినది. గాలి తప్పితే ఒక యేడు తప్పినట్లే. కనుక ఆనాడు హజ్‌కు పోయినవారు తిరిగి వచ్చేసరికి ఒక యేడు, ఒక్కోసారి అంతకు మించి పట్టేది.

అందుకే పోయేవారు అప్పులు తీర్చి, ఆస్తి పంచి, "కహా సునా మాఫ్ కరో" అని ఇంటింటికీ తిరిగి క్షమాపణ అడిగి, కఫన్ గుడ్డ కూడా మూటలో పెట్టుకొని బయలుదేరేవారు. ఈ ఆచారాలు కొన్ని నేటికీ మన ఇళ్లల్లో వున్నవి. భుజానికి ఇమాం జామిన్ కట్టడం కూడా అలాంటిదే. దూరం తగ్గినా, ఆ దూరం నేర్పిన అలవాట్లు మిగిలినవి.

పొగ ఓడలు, కమరాను దీవి

1869లో సూయజ్ కాలువ తెరిచిన తర్వాత ఎర్రసముద్రంలో పొగ ఓడల రాకపోకలు బాగా పెరిగినవి. సూరత్ స్థానాన్ని బొంబాయి ఆక్రమించింది. 1877లో బొంబాయిలో పుట్టిన ఒక ఓడల కంపెనీ తరువాతికాలంలో మొగల్ లైన్ అనే పేరుతో హాజీల ఓడలకు ప్రసిద్ధి చెందినది. మన పెద్దల నోట విన్న అక్బర్, మొహమ్మదీ, నూర్‌జహాన్ అనే ఓడలు దానివే. బొంబాయి నుంచి జిద్దాకు సముద్రమార్గం సుమారు 2,300 నాటికల్ మైళ్లు. ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. అంటే 4,260 కిలోమీటర్లు. గంటకు 12 నాటికల్ మైళ్ల చొప్పున రాత్రింబగళ్లు ఆగకుండా పోయినా ఎనిమిది రోజులు. రేవుల్లో ఆగుతూ, గాలివానలు తట్టుకుంటూ పోతే పన్నెండు, పదిహేను రోజులు.

ఈ లెక్కలో లేని మరొక కాలం వున్నది. 1865లో మక్కాలో కలరా చెలరేగి అక్కడి నుంచి ఈజిప్టుకు, యూరపు దేశాలకు పాకింది. భయపడిన ప్రభుత్వాలు మరుసటి యేడు కాన్‌స్టాంటినోపుల్‌లో సమావేశమైనవి. ఆ తర్వాత 1882 నుంచి యెమెన్ తీరాన వున్న కమరాను దీవిలో తూర్పు నుంచి వచ్చే హాజీల ఓడలను ఆపి, మనుషులను దింపి, బట్టలకు ఆవిరిపట్టి, రోజుల తరబడి నిర్బంధంలో వుంచేవారు. ఓడలో ఒక్కరికి కలరా వుంటే గడువు మళ్లీ పెరిగేది. జిద్దా రెండు రోజుల ప్రయాణంలో వున్నదని తెలిసి కూడా ఎండలో, ఇసుకలో కూర్చోవలసి వచ్చేది. ఈ ఏర్పాటు 1950ల తొలి సంవత్సరాల దాకా సాగింది. కరోనా రోజుల్లో క్వారంటైను అనే మాట విని మనం కొత్తగా భయపడినాము. మన ముత్తాతలకు అది పాత మాట.

రైలు వచ్చిన తర్వాత

మన ఊరి వరకు దూరాన్ని మొదట తగ్గించినది రైలు. హైదరాబాదు నుంచి గోదావరి లోయ వెంబడి మన్మాడ్‌కు వేసిన మీటర్ గేజి లైను 20వ శతాబ్దం ప్రారంభానికి నిజామాబాదు మీదుగా నడవసాగింది. మన్మాడ్‌లో దిగి పెద్ద బండి ఎక్కితే బొంబాయి. ఎడ్లబండి మీద వారాలు పట్టే దారి ఒకటి రెండు రోజులకు దిగింది. మంజీరా మీద 1923లో మొదలుపెట్టి 1931లో ముగించిన నిజాంసాగరు ఆనకట్టతో చెరకు వచ్చింది. చెరకుతో 1937లో బోధన్ పక్కన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఫ్యాక్టరీతో జానకంపేట నుంచి బోధన్‌కు వేసిన రైలు కొమ్మకూ పని దొరికింది. చక్కెర మోసిన ఆ దారినే మా దాదాగారు హజ్‌కు పోయినారు.

ఆయన ఫ్యాక్టరీలో చెరకు బండ్ల తూకం దగ్గర పనిచేసేవారు. ఎన్నో యేండ్లు నియ్యత్ చేసుకొని కూడా పోలేకపోయినారు. కారణం డబ్బు ఒక్కటే కాదు. చంద్రమానం ప్రకారం హజ్ ప్రతి యేడు పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. చెరకు గానుగ సీజను మాత్రం సూర్యుడిని పట్టుకొని వుంటుంది, చలికాలంలోనే నడుస్తుంది. ఈ రెండూ కలిసిన యేండ్లలో ఫ్యాక్టరీ మనిషికి మూడు నెలల సెలవు ఎవరిస్తారు? 1962లో హజ్ మే నెల నడుమ వచ్చింది. సీజను ముగిసిపోయి వుండె. ఇంకొన్నేండ్లు ఆగితే హజ్ మళ్లీ సీజనులోకి పోతుందని లెక్క చూసుకొని ఆ యేడే బయలుదేరినారు.

ఆ ప్రయాణం ఇంట్లో ఎన్నిసార్లు చెప్పుకున్నారో లెక్కలేదు. నిజామాబాదు స్టేషనులో పూలదండలు, నాందేడ్, పర్భణీ, జాల్నా, ఔరంగాబాదు దాటి తెల్లవారుజామున మన్మాడ్. బొంబాయిలో సాబూ సిద్దీఖ్ ముసాఫిర్‌ఖానాలో ఎనిమిది రోజులు. టీకాలు వేయించుకొని, కాగితాలు సరిచూపించుకొని, ఓడ పేరు పిలిచేదాకా కూర్చోవడమే. రిజర్వు బ్యాంకు వారు హాజీల కొరకని 1959లో ప్రత్యేకంగా పది రూపాయల, నూరు రూపాయల నోట్లు అచ్చువేసినారు. అవి దేశంలో చెల్లేవి కావు, అరేబియాలో చెల్లేవి. దాదాగారు వాటిని నడుముకు గుడ్డలో చుట్టి కట్టుకున్నారట. ఓడలో డెక్కు క్లాసు. పక్కనే మలబారు వాళ్లు, బెంగాల్ వాళ్లు, బీహారు వాళ్లు. భాష రాకపోయినా నమాజు ఒకటే. దారిలో ఒక ముసలాయన చనిపోతే జనాజా నమాజు చదివి సముద్రానికి అప్పగించినారు. ఎవరో తెలియని ఆ మనిషి కోసం దాదాగారు బ్రతికినంతకాలం ప్రతి షబేబరాత్‌నాడు దువా చేసినారు. పన్నెండవ రోజున జిద్దా కనబడింది. బోధన్‌లో ఇల్లు విడిచి అప్పటికి ఇరవై రెండు రోజులు.

ఓడ ప్రయాణం కష్టమైనదే. కాని దానివల్ల ఒక మేలు వుండె. ఆ పన్నెండు రోజుల్లో తెలిసినవారు తెలియనివారికి హజ్ మసాయిల్ నేర్పేవారు. అలిఫ్ బే రానివాడు కూడా జిద్దాలో దిగేనాటికి తల్బియా, తవాఫ్, సయీ అన్నీ కంఠస్థం చేసియుండేవాడు. ఓడే ఒక మదరసా. మొగల్ లైన్ 1986లో షిప్పింగ్ కార్పొరేషన్‌లో కలిసిపోయింది. 1995లో ఓడల హజ్ ప్రయాణం ఆగిపోయింది. చంద్రమానంలో ముప్పయి మూడు యేండ్లకు ఒక చుట్టు. దాదాగారు పోయిన 1962 మే తర్వాత హజ్ మళ్లీ మే రెండోవారానికి వచ్చిన యేడు, ఆ 1995 యేడే.

రెక్కలు వచ్చినాక

హైదరాబాదుకు విమానాలు కొత్త కాదు. బేగంపేటలో 1930లలోనే విమానాలు దిగేవి. 1945లో నిజాం ప్రభుత్వమూ, టాటావారూ కలిసి దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించినారు. 1953లో అది జాతీయం చేయబడింది. దాని విమానాలు డకోటాలు. గంటకు సుమారు 300 కిలోమీటర్లు. ఆ వేగంతో హైదరాబాదు నుంచి జిద్దాకు లెక్క కడితే ఆకాశంలోనే పధ్నాలుగు గంటలు. ఒక్కసారి నింపిన నూనెతో అంత దూరం పోలేదు గనుక నడుమ దిగి నూనె పోసుకొనే సమయం అదనం. తర్వాత జెట్లు వచ్చినవి. ఎయిర్ ఇండియా వారికి 1960లో బోయింగ్ 707 వచ్చింది. నేటి జెట్ గంటకు 850 కిలోమీటర్ల వరకు పోతుంది. 4,130ని 850తో భాగిస్తే ఐదు గంటలకు కొంచెం తక్కువ.

మరి టికెట్టు మీద ఐదున్నర, ఆరు గంటలని ఎందుకు వుంటుంది? దీనికి మూడు కారణాలు. ఒకటి, పైకి లేచేటప్పుడు, దిగేటప్పుడు విమానం ఆ వేగంతో పోదు. రెండు, ఆకాశంలో కూడా సడకులున్నవి. దేశాల సరిహద్దులు, మూసివేసిన ప్రాంతాలు చూసుకొని గీసిన దారుల్లోనే పోవలెను, దారం లాగినట్లు పోరాదు. మూడు, ఎత్తున పడమటి గాలి వీస్తుంది, చలికాలంలో మరీ గట్టిగా. పోయేటప్పుడు అది ఎదురుగాలి, వచ్చేటప్పుడు వెనుకగాలి. అందుకే జిద్దా నుంచి తిరుగు ప్రయాణం కొంత తక్కువ సమయంలో ముగుస్తుంది. తెరచాప ఓడలవాడు కనిపెట్టిన గాలి లెక్క జెట్ విమానం కూడా తప్పించుకోలేకపోయింది.

మన జిల్లా హాజీలు చాలాకాలం బొంబాయి పోయి విమానం ఎక్కినారు. తరువాత హైదరాబాదు నుంచే హజ్ విమానాలు నడిచినవి. 2008 మార్చిలో బేగంపేట నుంచి విమానాలు శంషాబాదుకు మారినవి. అటువైపు జిద్దాలో 1981లో కింగ్ అబ్దుల్ అజీజ్ విమానాశ్రయం తెరిచినప్పుడు హాజీల కొరకే ప్రత్యేక టెర్మినల్ కట్టినారు. దూరం నుంచి చూస్తే ఎడారిలో తెల్లని గుడారాల ఊరు. మొత్తం 210 గుడారాలు. దాని నిర్మాణ పథకంలో ప్రధాన ఇంజనీరు ఢాకాలో పుట్టిన ఫజ్లుర్ రహ్మాన్ ఖాన్. అమెరికాలో ఆకాశహర్మ్యాలు కట్టిన ఆ మహామనిషి 1982లో ఆ జిద్దాలోనే కన్నుమూసినాడు. మన పిల్లలకు ఈ పేరు చెప్పండి. లెక్కలు రావని భయపడే పిల్లలకు తప్పక చెప్పండి.

ఆరు గంటల మాట ఎంత నిజం?

ఇప్పుడు అసలు సంగతి. "ఆరు గంటల్లో జిద్దా" అనే మాట నమ్మి మనవాళ్లు చాలా ఇబ్బంది పడుతున్నారు. మా బంధువులలో ఒక పెద్దామె ఉమ్రాకు పోయింది. ఆమెకు షుగరు వ్యాధి. తీసుకుపోయే ఏజెంటు "ఆరు గంటలే కదా అమ్మా" అన్నాడు. ఆమె మందుల సంచి పెద్దపెట్టెలో వేసి ఇచ్చేసింది. ఆ పెట్టె మళ్లీ చేతికి వచ్చింది మక్కా హోటలులో. బోధన్ ఇంటినుంచి అక్కడికి ఇరవై ఆరు గంటలు. కళ్లు తిరిగి పడిపోయి, అల్లా దయవల్ల బ్రతికింది.

లెక్క చూడండి. బోధన్ నుంచి నిజామాబాదు 25 కిలోమీటర్లు. నిజామాబాదు నుంచి హైదరాబాదు 175 కిలోమీటర్లు. నగరం దాటి శంషాబాదు. మొత్తం ఐదారు గంటలు. హజ్ యాత్ర అయితే ముందురోజే నాంపల్లి హజ్ హౌసు చేరవలెను. విమానం కంటే నాలుగు గంటల ముందు విమానాశ్రయంలో వుండవలెను. తర్వాత ఆరు గంటలు గాలిలో. జిద్దాలో పాస్‌పోర్టు, సామాను, బస్సుల కోసం కూర్చోవడం రెండు నుంచి ఐదు గంటలు. జిద్దా నుంచి మక్కా మరి 80 కిలోమీటర్లు. అన్నీ కలిపితే ఒక పూర్తి రోజు దాటుతుంది. గాలిలో వున్నది దానిలో నాలుగో వంతు మాత్రమే.

గడియారం లెక్క వేరు. సౌదీ గడియారం మనకంటే రెండున్నర గంటలు వెనుక. ఉదయం 10 గంటలకు లేచిన విమానం ఆరు గంటలకు దిగితే మన గడియారంలో సాయంత్రం 4, అక్కడ పగలు ఒకటిన్నర. "మూడున్నర గంటలే పట్టింది" అని ఇంటికి ఫోను చేసినవారిని మేమెరుగుదుము. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు. మనకూ మక్కాకూ 38 డిగ్రీల పైచిలుకు. గుణిస్తే రెండున్నర గంటలే. పడమరకు పోయేవాడికి పగలు ఆమేరకు సాగుతుంది. రోజాతో విమానం ఎక్కినవాడు బోధన్ మగ్రిబ్ వేళకు ఇఫ్తార్ చేయరాదు, తన కళ్లముందు సూర్యుడు అస్తమించవలెను. మాత్రలు వేసుకొనేవారు మాత్రం మన గడియారం చొప్పున గంటలు లెక్కపెట్టుకొని వేసుకోవలెను. మందులు చేతిసంచిలోనే వుండవలెను.

మీకాత్ సంగతి మరీ ముఖ్యం. ఓడలో పోయేవారికి ఎర్రసముద్రంలో యలమ్‌లమ్ ఎదురుగా వచ్చినప్పుడు సైరను మోగించి చెప్పేవారు. అందరూ స్నానం చేసి, తీరికగా ఇహ్రాం కట్టుకొని, రెండు రకాతులు చదివి నియ్యత్ చేసేవారు. విమానంలో మన దారి తాయిఫ్ వైపునుంచి, కర్నుల్ మనాజిల్ మీకాత్ వైపుగా వస్తుంది. అక్కడినుంచి మక్కా 80 కిలోమీటర్లు. జెట్ నిమిషానికి పధ్నాలుగు కిలోమీటర్లు పోతుంది. ఓడకు గంటలు పట్టిన చోటు దీనికి రెప్పపాటు. మైకులో చెప్పినప్పుడు లేచి పెట్టె వెతుకుదామంటే అప్పటికే దాటిపోతుంది. మీకాత్ దాటినాక ఇహ్రాం అయితే దమ్ ఇవ్వవలసి వస్తుంది. కనుక నేరుగా మక్కాకు పోయేవారు ఇంటివద్దనో, హజ్ హౌసులోనో ఇహ్రాం గుడ్డలు కట్టుకొని, విమానంలో వేళకు నియ్యత్ చేసుకోవలెను. ముందు మదీనా పోయేవారికి ఈ తొందర లేదు, వారు మదీనా నుంచి వచ్చేటప్పుడు జుల్ హులైఫా వద్ద కట్టుకుంటారు. ఓడలో పన్నెండు రోజుల్లో నేర్చుకున్నది ఇప్పుడు విమానం ఎక్కకముందే నేర్చుకోవలెను. ఆ మదరసా పోయింది గనుక దాని స్థానంలో మన సంఘమే హాజీల శిక్షణ నడపవలెను.

దినార్లు, రియాళ్ల దూరం

హజ్ గురించి చెప్పి ఊరుకుంటే చరిత్ర సగమే అవుతుంది. 1973లో చమురు ధర పెరిగిన తర్వాత గల్ఫ్ దేశాలు పనివాళ్ల కోసం తలుపులు తెరిచినవి. మన నిజామాబాదు జిల్లా నుంచి హిందువులని, ముస్లిములని లేకుండా వేలమంది పోయినారు. 2015 డిసెంబరులో బోధన్ ఫ్యాక్టరీ మూతబడిన తర్వాత శక్కర్‌నగర్ ఇళ్లల్లో పాస్‌పోర్టు మాట మరింత వినబడింది. నేడు మన వీధుల్లో పిల్లలకు బోధన్ నుంచి బాన్స్‌వాడ ఎంత దూరమో తెలియకపోవచ్చు, దుబాయికి ఎన్ని గంటలో తెలుసు.

మా అబ్బా దమ్మాములో పనిచేసినారు. హైదరాబాదు నుంచి దమ్మాముకు ఆకాశమార్గాన సుమారు 3,100 కిలోమీటర్లు, జిద్దా కంటే వెయ్యి కిలోమీటర్లు దగ్గర. 1987లో మా దాదీ చనిపోయినప్పుడు మాకు ఏడేండ్లు. టెలిగ్రాం కొట్టినారు. అబ్బా పాస్‌పోర్టు ఆయన పనిచేసే చోట యజమాని బీరువాలో వుండె. దేశం విడిచిపోవడానికి యజమాని సంతకం కావలె. ఆ యజమాని ఊళ్లో లేడని ఒకరు, పని ముగియనీ అని ఒకరు అన్నారట. విమానం నాలుగైదు గంటలది. అబ్బా వచ్చింది ముప్పయి ఎనిమిదవ రోజున. చెహ్లుంకు రెండు రోజులు ముందు. స్టేషను నుంచి ఇంటికి రాకుండా తిన్నగా ఖబరస్తాన్‌కు పోయినారు. మేము వెనుక నిలబడినాము. ఆయన ఏడ్వలేదు. మట్టి ఎండిపోయిందని మాత్రం అన్నారు.

మా దాదాగారికి జిద్దా ఇరవై రెండు రోజుల దూరం. ఆయన కొడుక్కు దమ్మాం నుంచి ఇల్లు ముప్పయి ఎనిమిది రోజుల దూరం. నడుమ వచ్చినవి జెట్ విమానాలు! దూరాన్ని యంత్రం ఒక్కటే నిర్ణయించదని, చట్టము, కాగితము, యజమాని మనసు కూడా నిర్ణయిస్తాయని మేము ఆనాడు తెలియకుండానే నేర్చుకున్నాము. 2021 మార్చిలో సౌదీ ప్రభుత్వం నియమాలు సడలించి, చాలా రకాల కార్మికులు యజమాని అనుమతి లేకుండానే దేశం విడిచి వచ్చిపోయే వీలు కల్పించింది. అయినా ఇంటిపనివాళ్లు, డ్రైవర్లు, గొర్రెల కాపరులు వంటివారికి ఆ సడలింపు వర్తించలేదు. వీసాకు అప్పుచేసి పోయినవాడికి చట్టం వున్నా చేతిలో టికెట్టు డబ్బు వుండదు.

చివరి మాట

కనుక సంఘం పెద్దలకు మా మనవి మూడు మాటలు. ఒకటి, ప్రతి యేడు హాజీలకు బయలుదేరకముందే మీకాత్, మందులు, గడియారం గురించి ఒకరోజు శిక్షణ పెట్టండి. రెండు, గల్ఫ్‌కు పోయే ప్రతి కుర్రవాడి పాస్‌పోర్టు, వీసా, ఒప్పందం నకళ్లు ఇంట్లో ఒకటి, సంఘం వద్ద ఒకటి వుంచండి. కష్టం వచ్చిననాడు రాయబార కార్యాలయానికి వ్రాయడానికి మొదట కావలసినవి అవే. మూడు, ఇంట్లో మరణం సంభవిస్తే అక్కడివాడు వచ్చేందుకు టికెట్టు ఖర్చు అప్పుగా ఇచ్చే నిధి ఒకటి ఏర్పాటు చేయండి. చిన్న మొత్తంతోనైనా మొదలుపెట్టండి, మేము మా ఒక నెల జీతంలో కొంతభాగం ముందుగా ఇస్తాము.

ఆ పిల్లవాడి నానీ క్షేమంగా హజ్ చేసి వచ్చింది. వాడు మాకు రెండు ఖజూరాలు, చిన్న సీసాలో జమ్‌జమ్ నీళ్లు తెచ్చి యిచ్చినాడు. "సార్, నానీ వచ్చేటప్పుడు తొందరగా వచ్చింది, వెనుకగాలి" అన్నాడు. పాఠం వాడికి వచ్చింది. అల్లా తఆలా మన హాజీల హజ్ కబూలు చేయుగాక, దూరదేశాల్లో వున్న మన పిల్లలను వేళకు ఇల్లు చేర్చుగాక. ఆమీన్.